పక్క సీటు బ్రేకు

సోమవారం, సాయంత్రం

సంతోషంగా ఉన్నాను. ఈ మాట ముందే రాసి పెట్టుకుంటున్నాను. రేపటి నుంచి రోడ్డు మీద పడితే రాసే తీరిక ఉంటుందో ఉండదో.

సామానంతా లారీలో ముందే వెళ్ళిపోయింది. గదిలో నేనూ, ఒక చాపా, టీ గిన్నే, ఒక కుర్చీ మిగిలాం. కుర్చీ నాది కాదు, డ్రైవింగ్ స్కూలుది. కింద ఆఫీసులో కాలు ఊగుతోందని పారేయబోతే పైకి తెచ్చుకున్నాను. క్యాలెండరు తీసేసిన చోట గోడ మీద తెల్లటి చదరం బయటపడింది. ఇన్నేళ్ళూ గోడంతా తెల్లగానే ఉందనుకున్నాను.

పళ్ళాయన మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "శనివారం సాయంత్రానికి వచ్చేస్తారుగా మేడం?" అన్నాడు. వచ్చేస్తానన్నాను. ఇంకో వారానికి రిజిస్టరు ఆఫీసులో సంతకాలు పెట్టి మొగుడూ పెళ్ళాలం కాబోతున్నాం, ఇంకా మేడమే. నేనూ మీరు అనే అంటాను. వీధిలో ఎవరైనా వింటే లైసెన్సు గురించి మాట్లాడుకుంటున్నామనుకుంటారు.

కట్టుడు పళ్ళు చేయడం ఆయన పని. ఏడాది పాటు ఇక్కడి పళ్ళ డాక్టరు దగ్గర పనిచేయడానికి వచ్చి, సాయంత్రాలు ఊసుపోక మా స్కూల్లో చేరాడు. అంత చేతకాని స్టూడెంటు నా చేతి కింద ఇంకొకడు పడలేదు. నాలుగు రోడ్ల కూడలి మధ్యలో బండి ఆపేసి, వెనక హారన్లు మోగిపోతుంటే, "ఒక్క నిమిషం మేడం, ఆలోచించుకుంటున్నాను" అనేవాడు. అలా ఆపినప్పుడే ఒకసారి నా ముందు పన్ను విరిగింది. ఆయనే కొత్తది చేసి పెట్టాడు. రంగు కుదరాలని నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి, చిన్న చిన్న నమూనా పళ్ళు మూతి దగ్గర పెట్టి చూశాడు, చూశాడు, చూశాడు. "మరీ తెల్లగా చేస్తే అబద్ధంలా ఉంటుంది మేడం" అన్నాడు. ఏదైనా తెగని ఆలోచన వస్తే నా నాలుక ఆ పన్ను మీదికే పోతుంది. ఇప్పుడూ అక్కడే ఉంది.

నన్ను దింపడానికి సైరన్ వస్తోంది, నాతోపాటు స్కూల్లో నేర్పేది, పక్క వాటాలో ఉండేది. స్కూలు పాత బండిలో వెళ్తాం, తిరుగు ప్రయాణంలో అదొక్కతే తెచ్చుకుంటుంది. సైరన్ అసలు పేరు దాని స్టూడెంట్లక్కూడా తెలియదు. "క్లచ్చు! క్లచ్చు తొక్కరా నాయనా!" అని అది కేకేస్తే వీధి చివర కుక్కలు లేచి కూర్చుంటాయి. నేను అరవను. తొక్కుతాను. నేర్పే బళ్ళలో పక్క సీటు వైపు కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉండేది అందుకే. నేర్చుకునేవాడు తడబడితే మనం ఆపుతాం. అనుమానమొస్తే ముందు ఆపు, ఆ తర్వాత ఆలోచించు: నా దగ్గర నేర్చుకున్న ప్రతివాడికీ మొదటి పాఠం ఇదే.

సైరన్ ఇందాక గుమ్మంలో నిలబడి గదంతా చూసింది. "ఏమే, నిజంగానే పోతున్నావా?" అంది.

"మరి సామానెక్కడికి పోయిందనుకున్నావే?" అన్నాను.

నవ్వలేదు. అది దేనికైనా నవ్వే మనిషి.


మంగళవారం, పెట్రోల్ బంకు పక్క లాడ్జి

పొద్దున్న కిందికి దిగి ఇద్దరం బండికి ఒకే పక్కకి వెళ్ళి నిలబడ్డాం, పక్క సీటు తలుపు దగ్గర. స్టీరింగు వైపు ఎవరూ లేరు. ఏళ్ళ తరబడి పక్క సీట్లోనే బతికిన వాళ్ళం, కాళ్ళు అటే తీసుకెళ్ళాయి. పాలవాడు సైకిలు ఆపి మరీ చూశాడు.

"నీ పెళ్ళి, నీ ప్రయాణం. మహారాణిలా నువ్వు కూర్చో, నేను తోల్తా" అంది సైరన్.

"తోలడం వచ్చా నీకు?"

"నేర్పేదాన్నే, రాదా?"

"నేర్పడం వేరే."

"నోర్మూసుకుని ఎక్కు."

వెనక సీటు మీద కాలూగే కుర్చీ కనబడింది. ఎప్పుడు ఎక్కించిందో. "ఇదెందుకే?" అంటే, "దారిలో కూర్చోవా?" అంది. కూర్చోడానికి కార్లో సీట్లున్నాయి కదా. సరేలే, దాని తిక్కలు దానివి.

ఊరు దాటాక బాగానే ఉంది. మబ్బుగా, చల్లగా ఉంది. సైరన్ పాడుతూ తోలింది, ఒక్క చరణమూ పూర్తిగా రాదు దానికి. నేను దారి చూస్తూ కూర్చున్నాను. ముందెక్కడో లారీ ఆగి ఉంటే నాకు ముందే కనిపిస్తుంది. మలుపు రాకముందే మలుపు తెలుస్తుంది. ఇలా వృత్తి ఒంట్లోకి ఎక్కేసిన వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుంటే ఎవరికైనా ధైర్యమే.

బండి ఎందుకో సరిగ్గా లాగడం లేదు. సాయంత్రానికి చేరాల్సిన ఊరికి చాలా ఇవతలే ఆగిపోయాం. ముసలి బండి కదా.

పళ్ళాయన ఫొటో పంపాడు. ఇంట్లో ఒక గది. కిటికీ ఉంది, గోడలున్నాయి, ఇంకేం లేవు. కింద రాశాడు: "ఇది మీది. మీరేం చేసుకుంటారో నాకు తెలీదు కదా, అందుకని ఏమీ పెట్టలేదు."

మంచి మాటే కదా. మంచి మాట చదివి కంచం పక్కకి నెట్టేయడమేమిటో నాకర్థం కావడం లేదు. లాడ్జి భోజనం నచ్చలేదేమో.


బుధవారం

ఇవాళ మమ్మల్ని దాటిపోయిన వాటిలో గడ్డి వేసుకెళ్ళే ట్రాక్టరు కూడా ఉంది. పైగా బండి వెనక అద్దం మీద "జాగ్రత్త, నేర్చుకుంటున్నారు" అని ఎర్రటి అక్షరాలు. చెరిపేద్దామంటే సైరన్ ఒప్పుకోలేదు. పక్కనించి పోతూ ఒక కుర్రాడు అద్దం దించి, "ఇంకా రాలేదా ఆంటీ?" అని అరిచాడు. సైరన్ తిరిగి అరిచిన దానికి వాడి చెవులు ఇంకా గింగురుమంటూ ఉంటాయి.

"కాస్త తొక్కవే తల్లీ" అన్నాను.

"తొక్కుతూనే ఉన్నా."

"మరి పోదేం?"

"దాన్నే అడుగు" అంది సైరన్, రోడ్డు వైపే చూస్తూ.

మధ్యాహ్నం నుంచి ఏదో మాడిన వాసన. కిటికీలు తెరిచాం. పోలేదు.

టీ కోసం ఆగిన చోట వదిన ఫోన్ చేసింది. ఎక్కడిదాకా వచ్చావంది, తిన్నావా అంది, ఇక అసలు విషయానికి వచ్చింది. "ఈ వయసులో నీకిదేం ముచ్చటమ్మా? ఇన్నాళ్ళూ ఒక్కదానివే హాయిగా ఉన్నావు కదా. మీ అన్నయ్య పైకి అనరు గానీ లోపల మథనపడిపోతున్నారు."

"మథనపడితే మజ్జిగ తాగమను వదినా" అని పెట్టేశాను.

కాసేపు భలే అన్నాననిపించింది. తర్వాత వదిన అన్నదాంట్లో నిజముందేమో అనిపించింది. హాయిగానే ఉన్నాను కదా. ఆరు నెలలు కూడా నిలవని ఆ మొదటి పెళ్ళి తర్వాత ఎవరి గొడవా లేకుండా, ఎవరినీ అడగకుండా, రెండు గదుల్లో నా ఇష్టం వచ్చినట్టు బతికాను. అలా అనిపించిన వెంటనే ఆకలేసింది. రొట్టె తిన్నాను. ఇంతకీ నేను ఏమనుకుంటున్నాను? ఏదో ఒకటి అనుకుంటే బాగుండును.

పళ్ళాయన తాగడు, తిట్టడు, అరవడు. బట్టలు తనే ఉతుక్కుంటాడు. వద్దనడానికి ఒక్క కారణమైనా ఇవ్వడేం ఈ మనిషి!


గురువారం

వాన. బండి నత్తలా. సైరన్‌తో మాటల్లేవు. ఎందుకో గుర్తులేదు.


శుక్రవారం, మెకానిక్ షెడ్డు

నా పట్టుదల మీదే బండిని షెడ్డుకి తెచ్చాం. బ్రేకు పట్టేస్తోందని నేను ముందే చెప్పాను. సైరన్ వద్దంది. "ఎందుకే, పోతోందిగా" అంటుంది. పోతోందా ఇది?

మెకానిక్ చక్రాలు విప్పి చూశాడు. బ్రేకులు వేడెక్కి అరిగిపోయి ఉన్నాయన్నాడు. కొత్తవి వేశాడు. తనొక్కడే ఎక్కి బజారంతా తిప్పుకొచ్చాడు. తర్వాత సైరన్ ఒక్కతే తోలింది, అతను రోడ్డు మీద నిలబడి చూశాడు. ఈలోగా నేను కాలూగే కుర్చీ దింపుకుని కూర్చున్నాను. పనికొచ్చింది. ఆఖరికి మమ్మల్నిద్దరినీ ఎక్కించి తను వెనక కూర్చున్నాడు.

తిరిగొచ్చాక చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, "బండికేం రోగం లేదమ్మా. మీరిద్దరూ కలిసెక్కితేనే దానికి జబ్బు" అన్నాడు.

"అదేం మాటయ్యా?" అన్నాను.

పక్క సీటు కిందికి వంగి చూశాడు. "ఇక్కడ కూడా ఉందే బ్రేకు" అన్నాడు. నేర్పే బండి, అందుకని చెప్పాను. ఆ పెడలు రబ్బరు వైపు చూశాడు, నా చెప్పు వైపు చూశాడు, టీ తాగుతారా అని అడిగాడు.

నేను వాడను ఆ బ్రేకు, నేర్పేటప్పుడు తప్ప. ఇప్పుడు నేర్పడం లేదు. సైరన్‌కి నేర్పేదేముంది? కాలు దగ్గర పెట్టుకుంటాను, అంతే. దగ్గర పెట్టుకోవడం వేరు, తొక్కడం వేరు. ఈ మాట మెకానిక్‌కి చెప్పాలనిపించింది గానీ అతను అడగలేదు.

షెడ్డులోంచి బయటకి వచ్చిన కాసేపటికే మళ్ళీ బస్సు దాటిపోయింది.

"చూశావా? కొత్తవి వేసినా అంతే. నేను చెప్పానా?" అన్నాను.

సైరన్ బండిని రోడ్డు పక్కకి తీసి ఇంజను ఆపేసింది. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

"నీ పాదం చూసుకో" అంది.

చూసుకున్నాను. పెడలు మీద ఉంది. గాల్లో కాదు, దగ్గర కాదు. మీద. మడమ నేలకి ఆనించి, వేళ్ళు నొక్కిపెట్టి. కాలు వెనక్కి లాక్కున్నాను. పిక్క పట్టేసింది. ఎన్ని ఊళ్ళ నుంచి అలా ఉందో!

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"ఊరు దాటకముందే. అక్కడ నువ్వు తొక్కితే ఇక్కడ నా కాలి కింద దిగుతుందిగా. ఇంతమందికి నేర్పినదాన్ని, అది తెలీదా నాకు?"

"మరి చెప్పవేం? మూడు రాష్ట్రాలు దాటొచ్చాం, ఒక్క మాట చెప్పలేకపోయావా? నీ నోరే కదా, ఊరంతా వినబడే నోరు!"

సైరన్ నా వైపు తిరగలేదు. "నువ్వు ఆపుతుంటే నేనెందుకే చెప్తాను? నాక్కూడా బాగానే ఉంది" అంది. దాని గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు.

కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ ఎవరి మీదో తేలలేదు. వాన మళ్ళీ మొదలైంది.


శనివారం

ఇవాళ సాయంత్రానికి చేరాలి. చేరం.

పొద్దున్నే పళ్ళాయనకి ఫోన్ చేసి, బండి మొరాయిస్తోంది, రేపవుతుందేమో అన్నాను. "నేను రానా మేడం?" అన్నాడు. వద్దన్నాను. "రావాలనిపించకపోతే చెప్పండి. నాకు బాధేస్తుంది, బాగా బాధేస్తుంది. అయినా చెప్పండి" అన్నాడు.

"అదేం లేదు" అన్నాను. ఏది లేదో నాకే తెలియదు.

ఫోన్ పెట్టేసి ఆలోచించాను. నా కాలు అబద్ధం ఆడదు. బుర్ర ఆడుతుంది, నోరు ఆడుతుంది. నాలుక ఆ పన్ను చుట్టూ తిరుగుతూ ఏదో ఒకటి చెబుతుంది. కాలు మాత్రం ఇన్నేళ్ళుగా నన్నూ, నా స్టూడెంట్లనీ కాపాడింది. అది ఆపుతోందంటే ముందేదో ఉందన్నమాట. అంటే నాకు ఇష్టం లేదన్నమాట. ఇంత తేలిక విషయం కోసమా ఇన్ని రోజులు కొట్టుకున్నాను! గుండె తేలికైంది. నిజంగానే తేలికైంది, రాసుకోవాలని రాయడం లేదు.

"సైరనూ, వెనక్కి తిప్పు" అన్నాను.

"ఏంటి?"

"ఇంటికి పోదాం. తిప్పు."

అది నా మొహంలోకి చూసింది. సంతోషిస్తుందనుకున్నాను. "బాగా ఆలోచించే అంటున్నావా?" అంది. ఆలోచించానన్నాను. "ఆయనకి ఏం చెప్తావు?" అంది. ఇంటికెళ్ళి చెప్తానన్నాను. కూడలి దగ్గర బండి తిప్పింది.

వచ్చిన దారే. అదే టీ కొట్టు, అవే వంతెనలు, ఈసారి ఎదురు వైపు నుంచి. కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. నా గది, నా వీధి, పక్క వాటాలో సైరన్ పాడే సగం పాటలు. రేపో ఎల్లుండో అవన్నీ మళ్ళీ నావే. స్టూడెంట్లకి ఏం చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఎండ వచ్చింది. కునుకు కూడా పట్టినట్టుంది.

"ఏమే" అంది సైరన్.

"ఊఁ?"

"కాలు తియ్యి."

చూసుకున్నాను. పెడలు మీద ఉంది. వేళ్ళు నొక్కిపెట్టి, అచ్చం నిన్నటిలాగే.

నాకు ఏడుపొచ్చేసింది. అటు పోతుంటే తొక్కాను, సరే. ఇటు పోతుంటే ఎందుకు తొక్కాలి? ఇటు ఏముందని? నా ఇల్లే కదా! అయితే కాలికి పళ్ళాయన ఇష్టం లేకపోవడం కాదా? ఇల్లు ఇష్టం లేదా? ఏదీ ఇష్టం లేదా? దానికసలు ఏమీ తెలియదా? ఇంతకాలం దాన్ని నమ్ముకుని బతికానే!

"దానికి దారితో పనేముందే. పక్క సీట్లో కూర్చోబెడితే తొక్కుతుంది. అంతే దాని చదువు" అంది సైరన్.

"మరి నాకేం కావాలో నాకెలా తెలుస్తుంది?" అని అరిచాను. నేను అరిచాను! సైరన్ ఉలిక్కిపడి బండి పక్కకి తిప్పేసింది.

రోడ్డు వారగా ఆపింది. చాలాసేపు ముక్కు చీదుకుంటూ కూర్చున్నాను. సైరన్ తన పైట చెంగు ఇచ్చింది, అది కూడా చీదేశాను. తర్వాత అది బండి దిగి, ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చి, నా వైపు తలుపు తీసింది.

"దిగు."

"ఎందుకు?"

"అటు వెళ్ళి కూర్చో. ఎటు పోవాలో నువ్వే తిప్పుకో. నేనిక తోలను."

దిగాను. స్టీరింగు వైపు కూర్చుంటే బండి వేరేదిలా ఉంది. ముందు అద్దం పెద్దగా, రోడ్డు మొత్తం నా మీదికే వస్తున్నట్టు. అద్దాలు సర్దుకున్నాను, సీటు ముందుకి జరుపుకున్నాను. మొదటి రోజు స్టూడెంటులా గేరు రెండుసార్లు పట్టి చూసుకున్నాను.

ఎటు తిప్పాలో తెలిసిపోయిందని రాయలేను. తెలియలేదు. పళ్ళాయన గుర్తొచ్చాడు, కూడలి మధ్యలో ఆగి ఆలోచించుకునేవాడు, చుట్టూ హారన్లు. అప్పుడు ఎంత విసుక్కున్నానో! ఆయన మాత్రం ఆలోచన అయిపోయాక, "సరే మేడం" అని కదిలించేవాడు. ఎన్నడూ కదలకుండా ఉండిపోలేదు.

బండి తిప్పాను. మళ్ళీ ముందుకి.

కొంత దూరం పోయాక సైరన్ సగం పాట అందుకుంది.


ఆదివారం

ఊళ్ళోకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆయన చెప్పిన గుర్తులు సరిగ్గానే ఉన్నాయి: నీళ్ళ ట్యాంకు, బేకరీ, దాని పక్క సందు. సందు పల్లానికి దిగుతుంది. చివర్న నీలం గేటు కనిపించింది. గేటు ముందు ఆయన నిలబడి ఉన్నాడు, ఎప్పటి నుంచో మరి.

సందు మొదట్లోనే బండి ఆగిపోయింది.

"కాలు తియ్యవే" అన్నాను సైరన్‌తో.

"ఏ కాలు?" అంది.

చూస్తే అది సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది, రెండు పాదాలూ ఒళ్ళోనే. చెప్పులు కింద విడిచేసింది. అంటే ఆపింది నేనే. నా వైపు బ్రేకు మీద, నా కాలే.

"అనుమానమొస్తే ఆపమంటావుగా. ఆపావు. ఇప్పుడాలోచించు. వెనక ఎవరూ లేరు" అంది.

ఆలోచించాను. ఏమీ తట్టలేదు. కింద పళ్ళాయన మమ్మల్ని చూసి, బండి పెట్టించడానికి చేతులతో సైగలు మొదలుపెట్టాడు. కుడికి రమ్మంటూ ఎడమ చెయ్యి ఊపాడు. ఆగమంటున్నాడో రమ్మంటున్నాడో తెలియకుండా రెండు చేతులూ పైకెత్తాడు. నేను నేర్పిన సైగల్లో ఒక్కటీ లేదు. అంత పెద్దమనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నడి సందులో తప్పుడు సైగలు చేస్తుంటే చూసి నవ్వొచ్చింది. భయం ఉంది. భయం ఎక్కడికీ పోలేదు. నవ్వు కూడా వచ్చింది.

కాలు తీసేశాను. పల్లం కదా, బండి దానంతటదే కదిలింది.

రెండు బారలు పోయిందో లేదో, మళ్ళీ ఆగింది.

ఈసారి నా కాళ్ళు రెండూ నేల మీదే ఉన్నాయి. సైరన్ వైపు చూడలేదు. చూడకుండానే తెలిసింది, దాని కాలు ఒకటి ఒళ్ళోంచి కిందికి దిగింది. అది కిటికీలోంచి ఎవరిదో ప్రహరీగోడ చూస్తోంది. పెదవులు గట్టిగా బిగించి ఉంది. కింద పళ్ళాయన కూడా చేతులు దించి ఊరికే నిలబడ్డాడు, ఎవరో ఆలోచించుకుంటున్నారని ఆయనకి తెలిసినట్టు.

కాసేపటికి సైరన్ కాలు తీసేసింది.


బుధవారం

సైరన్ నిన్న పొద్దున్న వెళ్ళిపోయింది. ఉన్న ఒక్కరోజూ పళ్ళాయనని వీధంతా తిప్పి, కేకలేసి, బండి వెనక్కి తీయడం నేర్పింది. పక్కింటివాళ్ళు ఇప్పటికే దాన్ని సైరన్ అంటున్నారు. వెళ్ళేటప్పుడు నన్ను పట్టుకుని ఏడవలేదు. "ఏమే, వస్తా" అంది, అద్దం ఎక్కించుకుంది. "జాగ్రత్త, నేర్చుకుంటున్నారు" అన్న ఎర్ర అక్షరాలు సందు మలుపు దాకా కనిపించాయి.

లోపలికొచ్చి ఆ ఖాళీ గది తలుపు తీశాను. కిటికీ ఎదురుగా కాలూగే కుర్చీ ఉంది. ఎప్పుడు దింపిందో.

ఇవాళ పళ్ళాయన తన బండిలో బజారుకి తీసుకెళ్ళాడు. నాలుగు రోడ్ల దగ్గర నా కాలు దానంతటదే నేలని తొక్కింది. అక్కడ ఏమీ లేదు, రబ్బరు చాప తప్ప. ఆయన గమనించాడు. "ఆపమంటారా మేడం?" అన్నాడు. వద్దన్నాను. సంతోషమేనా అంటే, అవునో కాదో ఇప్పుడే చెప్పలేను. సోమవారం రాసినంత గట్టిగా అయితే రాయలేను.

సాయంత్రం సైరన్ ఫోన్ చేసింది. మెకానిక్ షెడ్డు ఎప్పుడో దాటేసిందట, రేపటికి ఇంట్లో ఉంటుందట.

"అప్పుడేనా?" అన్నాను.

"అవునే. బండి భలే పోతోంది. ఎక్కడా ఆగట్లేదు" అంది.

ఆ తర్వాత అది చాలాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఫోన్ మాత్రం ఇద్దరం పెట్టలేదు.